రద్దు, ఉపసంహరణ ఒకటి కాదండీ

మీ ఆఫీసు సర్క్యులర్‌లో పాత ఉత్తర్వును ‘రద్దు చేస్తున్నాం’ అనాలా, ‘ఉపసంహరించుకుంటున్నాం’ అనాలా, అసలు రద్దు తెలుగు మాటేనా అని అడిగారు కదా. రద్దు అరబ్బీ ‘రద్ద్’ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది, మూలార్థం తిప్పికొట్టడం, తిప్పి పంపడం. హైదరాబాద్‌లో ‘రద్ కర్ దియే’ అనే మాట రోజూ వినేదే. బయటిదని వదలక్కర్లేదు, ఎప్పుడో మనదైపోయింది.

ఉపసంహరించు సంస్కృతం. ‘హృ’ ధాతువుకు ఉప, సం చేరాయి, వదిలినదాన్ని మళ్లీ దగ్గరకు తీసుకోవడం అన్నమాట. భారతంలో అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు. నాకు ఈ మాట అసలు అర్థం తెలిసింది అక్కడే: వదిలినవాడే వెనక్కి తీసుకోవాలి, ‘కొను’ చేరేదీ అందుకే. మీ ఉత్తర్వును కోర్టు రద్దు చేయగలదు గానీ ఉపసంహరించుకోలేదు.

నోట్ల సంగతే చూడండి. 2016 నవంబర్ 8 రాత్రి పాత 500, 1000 నోట్లకు జరిగింది రద్దు, అర్ధరాత్రి దాటాక అవి చెల్లలేదు. 2023 మేలో 2000 నోటుది ఉపసంహరణ, చలామణీ నుంచి వెనక్కి తీసుకున్నారు గానీ చట్టప్రకారం చెల్లుబాటు పోలేదు.

మీ ఉత్తర్వు మీరే ఇచ్చారు కాబట్టి ‘ఉపసంహరించుకుంటున్నాం’ అని రాయండి, ఇచ్చిన తేదీ నుంచే చెల్లదని చెప్పాలంటే మాత్రం ఆ తేదీ వేసి ‘రద్దు’ అనండి.