జీపుకు కాయిల్ స్ప్రింగులు: మీ లెక్కలో రాయని 55,000

ప్రశ్న: మాది నార్పల మండలం. 2001 నవంబరులో రిజిస్టరైన మహీంద్రా ఎండీఐ జీపు ఉంది. చీనీ (బత్తాయి) తోటకు నాలుగు కిలోమీటర్లు రాళ్ల దారి. కమాన్ కట్టల (ఇనుప ఆకులు పేర్చిన స్ప్రింగుల) కుదుపుకు నాయన నడుము పట్టేస్తోంది. తెలిసిన వెల్డర్‌ను పెట్టుకొని ఇంటి షెడ్డులోనే నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు వేయిద్దామనుకుంటున్నా. పాత స్కార్పియో కాయిల్స్ 14,000, షాకబ్జార్బర్లు 16,000, పైపులు, బుష్‌లు 18,000, కాయిల్ గిన్నెలు, బ్రాకెట్లు 9,000, వెల్డర్ కూలి 25,000, రంగూ చిల్లరా 10,000. మొత్తం 92,000. నెలకు 48,000 వస్తుంది, ఖర్చులు పోను 11,000 మిగులుతుంది. 1,60,000 ఎఫ్‌డీ ఉంది. ఎఫ్‌డీ తీయాలా, బంగారం పెట్టాలా? పంట రుణమైతే 4 శాతమే కదా?

సలహా: డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ 92,000 నిలబడే అంకె కాదు.

కమాన్ కట్ట రెండు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, యాక్సిల్‌ను (రెండు చక్రాలను కలిపే ఇరుసును) ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టుకుంటుంది. కాయిల్‌కు మొదటి పని మాత్రమే వచ్చు. రెండో పని కోసం యాక్సిల్‌ను ఛాసిస్‌కు (బండి చట్రానికి) పట్టి ఉంచే ఆర్ములు కావాలి, యాక్సిల్ పక్కకు పోకుండా ఛాసిస్ నుంచి అడ్డంగా పానార్డ్ రాడ్ కావాలి. మీ జాబితాలో ఆర్ములకు పైపులున్నాయి గానీ పానార్డ్ రాడ్లు లేవు. ముందుకొకటి, వెనక్కొకటి, బ్రాకెట్లతో కలిపి 8,000 వేసుకోండి. కాయిల్ పూర్తిగా అణగకుండా బంప్ స్టాపులు, యాక్సిల్ మరీ కిందికి వేలాడకుండా పట్టీలు 4,000. యాక్సిల్ ఇప్పటికంటే ఎక్కువ దిగుతుంది కాబట్టి పొడుగు బ్రేక్ గొట్టాలు 3,000. స్టీరింగ్ లింకు సరిచేయించడం 5,000. గేర్ బాక్సు వైపు నుంచి యాక్సిళ్లకు శక్తిని చేర్చే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు పొడుగు మార్పించి బ్యాలెన్స్ చేయించడం 10,000. అలైన్‌మెంట్ 2,000. బండి కింద పడుకొని చేసే పనికి జాకీ ఒక్కటే చాలదు, గట్టి స్టాండ్లు 6,000. సామాన్ల కోసం బండి విడిభాగాలు దొరికే బెంగళూరు జేసీ రోడ్డుకు రెండుసార్లు వెళ్లి రావడం 5,000. ఆరు వారాలు జీపు షెడ్డులో ఉంటే తోటకు ఆటోనో టెంపోనో బాడుగ 12,000. ధరలు అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం మారదు. ఇవన్నీ కూడితే 55,000. మీ 92,000తో కలిపి 1,47,000.

ఇంట్లో చేసే ఇలాంటి పని ఒకసారితో తెగదు. తప్పు వేసిన బ్రాకెట్ కోసి మళ్లీ అతికించాలి, పొడుగు తప్పిన పైపు మళ్లీ కొనాలి. అందుకే ఐదో వంతు పైన పెట్టుకోవాలి. 1,76,000 దాటుతుంది. మీ ఎఫ్‌డీ మొత్తం విరిచినా చాలదు. తడిసి మోపెడవడమంటే ఇదే.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ నెల ఖర్చు 37,000. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటే 2,22,000 కావాలి. మీ ఎఫ్‌డీ నాలుగు నెలలకు కొంచెం ఎక్కువ, అంతే. చీనీ ధర పడిపోయిన ఏడాదో, బోరు ఎండిపోయిన ఏడాదో ఆదుకునేది అదొక్కటే. దాన్ని ముట్టుకోవద్దు.

ఆ ఐదో వంతు పక్కన పెట్టి బంగారం మీద 1,47,000 మాత్రమే తీసుకొని వడ్డీ 10 శాతం అనుకుంటే ఏడాదికి 14,700. ఏడాది చివర కట్టాల్సింది 1,61,700. నెలకు 11,000 చొప్పున ఒక్క నెలా తప్పకుండా పక్కన పెట్టినా చేరేది 1,32,000. దాదాపు 30,000 తక్కువ. అప్పుడు వడ్డీ మాత్రం కట్టి తిరగ రాయిస్తారు, నగ బ్యాంకులోనే ఉంటుంది.

పంట రుణం మాట మరిచిపోండి. ఆ 4 శాతం కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట పెట్టుబడికి ఇచ్చేది. 7 శాతానికి ఇచ్చి, గడువులోగా కడితే 3 శాతం తగ్గిస్తారు. ఆ పరిమితిని జీపుకు వాడేస్తే ఎరువులకూ మందులకూ మళ్లీ బయట వడ్డీకి చేయి చాచాలి.

దీనికంటే పెద్ద చిక్కు కాగితాల్లో ఉంది. మీ ఆర్సీకి మొదటి 15 ఏళ్లు 2016లో అయిపోయాయి, ఆపై ఐదేళ్ల లెక్కన ఇప్పటి గడువు 2026 నవంబరు. రెన్యువల్‌కు ఫారం 25తో గడువుకు ముందు 60 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవాలి, ఇన్‌స్పెక్టరు బండి చూస్తాడు. 20 ఏళ్లు దాటిన కారు, జీపులకు రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో కేంద్రం 10,000 చేసింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్సీ కార్డులో సస్పెన్షన్ (స్ప్రింగుల అమరిక) అనే గడే లేదు కదా అని గ్యారేజీల్లో అంటుంటారు. ఆ మాట ఇన్‌స్పెక్టరు ముందు చెల్లుతుందని లక్షన్నర పందెం కాయలేం. అనంతపురం రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, జవాబు రాతలోనే తీసుకోండి. బీమా కంపెనీకీ చెప్పాలి. చెప్పని మార్పు సర్వేయర్ కంట పడితే మీ బండి నష్టానికి వేసిన క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది. రేపు అమ్మాలన్నా ఆర్సీ ఒకటి, బండి ఒకటిగా ఉంటే కొనేవాడు ధర దించుతాడు. మీరు పెట్టిన డబ్బులో సగం కూడా తిరిగి రాదనే లెక్కేసుకోండి.

ఇక నాయనగారి నడుము. ఆ కుదుపు కమాన్ కట్టదా, పాడైన కమాన్ కట్టదా అన్నది ముందు తేలాలి. పైసా ఖర్చులేని పరీక్షతో మొదలుపెట్టండి. రాళ్ల దారి మొదట్లో టైర్లలో గాలి 20 పీఎస్ఐకి దించి మెల్లగా వెళ్లి చూడండి. తారు రోడ్డెక్కేముందు మళ్లీ నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. తర్వాత కట్ట పక్కన కూర్చొని ఆకులు లెక్కపెట్టండి. పాత జీపుల్లో బరువు కోసమని ఎవరో ఒకరు ఆకు అదనంగా వేసి ఉంటారు. పొట్టి ఆకు కొస పైఆకును ఒరుసుకున్న చోట గోరు పెట్టి చూడండి. గోరు పట్టేంత గాడి పడి, ఆకుల మధ్య ఎర్ర తుప్పు పొడి రాలుతుంటే ఆకులు ఒకదాని మీద ఒకటి జారడం లేదు. అప్పుడు ఏడెనిమిది ఆకులున్నా ఒకే ఇనుప దిమ్మెలా పనిచేస్తాయి. కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే షాకల్ దగ్గర రబ్బరు బుష్ గట్టిపడి పగిలినా అంతే.

ఈ పనికి లెక్క: కట్టలు నాలుగూ విప్పి, తుప్పు గీకి, అరిగిన ఆకులు మార్చి, వంపు సరిచేయించడం 6,000. బుష్‌లు, షాకల్ పిన్నులు 4,000. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు ఎనిమిది 3,000, కొత్తవే వేయాలి, ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ బిగువు నిలుపుకోదు. నాలుగు షాకబ్జార్బర్లు 12,000. ముందు సీట్ల స్పాంజీ, కింద బెల్టులు 5,000. మొత్తం 30,000. మీ మూడు నెలల మిగులులో అయిపోతుంది. అప్పు లేదు, ఎఫ్‌డీ కదలదు, ఆర్సీతో పేచీ రాదు. మెయిన్ ఆకునూ దాని కిందిదాన్నీ మాత్రం తీయనివ్వకండి. మెయిన్ విరిగితే రెండోదే యాక్సిల్‌ను ఆపేది. రబ్బరు బుష్‌ల బోల్టులు బండి నేల మీద నిలిచాకే చివరి బిగువు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగే ఉండి కొన్నాళ్లకే చిరుగుతుంది.

ఇంతా చేసి, రవాణా శాఖ సరేనన్నాక కూడా కాయిల్ మీదే మనసుంటే, ముందు బరువు తూయించండి. అనంతపురం చీనీ మార్కెట్ దగ్గరి కాటా మీద ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా, ఖాళీగా ఒకసారి, కాయతో ఒకసారి. ఎలాగంటే, ఖాళీ జీపు వెనక 720 కిలోలు చూపిందనుకోండి. యాక్సిల్, చక్రాలు, బ్రేకులు 170 తీసేస్తే స్ప్రింగుల మీద పడేది 550, ఒక్కో కాయిల్‌కు 275. మిల్లీమీటరుకు 3 కిలోల కాయిల్ అయితే 92 మి.మీ. అణుగుతుంది. ఇరవై క్రేట్లు, 400 కిలోలు, యాక్సిల్ మీదుగా వేస్తే ఇంకో 67 మి.మీ. బంప్ స్టాపుకు 75 మి.మీ. ఖాళీ వదిలారనుకుంటే ఇక మిగిలేది 8 మి.మీ. ప్రతి రాయికీ దబ్బుమంటుంది. పోనీ గట్టి కాయిల్ వేస్తే ఖాళీ బండి మళ్లీ ఇప్పటిలాగే ఎగురుతుంది, నడుము నొప్పి మొదటికొస్తుంది. కాయ మోసే బండికి కాయిల్ వేయడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే. కాయిల్‌ను యాక్సిల్ మీద కాకుండా ఆర్ము మధ్యలో కూర్చోబెడితే చక్రం దగ్గర దాని గట్టిదనం నాలుగో వంతే. పాత స్కార్పియో కాయిల్ దొరికింది కదా అని కొనేయకూడదనేది ఇందుకే.

ఒకేసారి నాలుగూ వద్దు. మొదట వెనక వైపు చేయించండి, అక్కడ స్టీరింగ్ ఉండదు కాబట్టి పని కొంత సులువు. కానీ వెనక యాక్సిల్ జరిగినా బండి అదుపు తప్పుతుంది, అక్కడా తప్పు జరగకూడదు. ముందు వైపు స్టీరింగ్ లింకు అడ్డంగా ఉండే అమరికలో పానార్డ్ రాడ్ దానికి సమాంతరంగా, దాదాపు అంతే పొడవు ఉండాలి. లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ తనంతట తాను తిరుగుతుంది. కాస్టర్ (ముందు చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) తగ్గితే వేగంలో చక్రాలు గడగడ కొట్టుకుంటాయి. అందుకని బ్రాకెట్లన్నీ ముందు చుక్కలు పెట్టి అతికించి, ఇంజను, గేర్ బాక్సు, డీజిల్‌తో సహా పూర్తి బరువు చక్రాల మీద పడ్డాక కోణాలు కొలిచి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. పాత ఛాసిస్ రేకు పలచన, బ్రాకెట్ నేరుగా అతికిస్తే రేకుతో సహా ఊడి వస్తుంది. కింద 5 మి.మీ. పట్టా వేసి, దాని అంచులు గుండ్రంగా కోసి, ఛాసిస్ ఛానల్‌కు అడ్డంగా ఒకే గీత పడకుండా వెల్డు చేయాలి. రోజూ గేట్లు చేసే 6013 రాడ్డు ఇక్కడికి వద్దు, తడి తగలని 7018 వాడమనండి. యాక్సిల్ గొట్టం మీద అంగుళం అంగుళంగా, చల్లారనిస్తూ వేయాలి, ఏకబిగిన వేస్తే గొట్టం వంగుతుంది. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ తీగలు తీసేయాలి, డీజిల్ ట్యాంకు దించేయాలి.

వెనక వైపు ఒక్కదానికే సామాను, ప్రొపెల్లర్ షాఫ్టు, చేసిన పని మళ్లీ చేయించే ఖర్చూ కలిపి 85,000 దగ్గర పెట్టుకోండి. కమాన్ పని అయిపోయిన నాలుగో నెల నుంచి 11,000లో 7,000 ఆర్‌డీకి (నెలనెలా కట్టే డిపాజిట్‌కు), 4,000 ఎఫ్‌డీ పెంచడానికి వేయండి. ఏడాదికి ఆర్‌డీలో 84,000, పైన వడ్డీ. అప్పటికి 2026 నవంబరు రెన్యువల్ కూడా దాటి ఉంటుంది.

ఈ నెల చేయాల్సింది కాటాకు వెళ్లడం, కట్టలు విప్పించడం. యూ బోల్టులు బిగించిన 200 కిలోమీటర్లకు మళ్లీ ఒకసారి బిగించండి. కాటా చీటీలు ఆర్సీతో పాటే దాచండి, కాయిల్ ఆర్డరు ఇచ్చేటప్పుడు అవే అడుగుతారు.