తూనీగ పిల్లకు మొప్పలేమిటి?

సందేహం: "నీళ్లలో తూనీగ పిల్ల మొప్పలతో ఊపిరి పీల్చుకుంటుంది" అని మా అమ్మాయి రాసింది. మొప్పలు చేపలకు కదా? ఊపిరితిత్తులే లేని పురుగు ఊపిరి ఎలా పీలుస్తుంది? వాక్యం తప్పే కదండీ?

సమాధానం: తప్పేం లేదండీ, దిద్దకండి.

ఊపిరితిత్తిని విడదీసి చూడండి. తిత్తి అంటే తోలుసంచి, కొలిమి తిత్తి అంటామే, అదే. ఆ తిత్తి లేనంత మాత్రాన ఊపిరి లేకుండా పోదు. మిడతకు ఒంటికి అటూ ఇటూ పది జతల సన్నటి రంధ్రాలుంటాయి, వాటి నుంచి గొట్టాలు చీలికలై ఒళ్లంతా పాకి గాలిని నేరుగా కండరాల దాకా చేరుస్తాయి, మధ్యలో రక్తం మోయాల్సిన పనే లేదు. కదలకుండా కూర్చున్న మిడతను కాసేపు చూస్తే పొట్ట ఎగసిపడటం కనిపిస్తుంది. దాన్ని పీల్చడం అనక ఇంకేమంటాం?

ఇక మొప్పలు. మన మాటలు పనిని బట్టి, పోలికను బట్టి అటూ ఇటూ పోతూనే ఉంటాయి. పక్షి రెక్కకీ తూనీగ రెక్కకీ పుట్టుకలో సంబంధమే లేదు, అయినా రెండూ రెక్కలే, ఆ మాటకొస్తే తలుపుకీ రెక్కలున్నాయి. నీళ్లలో కరిగిన ప్రాణవాయువును లాగే అవయవం ఎవరికున్నా మొప్పే. తూనీగ పిల్లకు అవి పేగు చివర, లోపల ఉంటాయి. వెనక నుంచి నీళ్లు లోపలికి లాక్కుని వదులుతుంది, ఏదైనా మీదికొస్తే అదే నీటిని గట్టిగా చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. అంటే మీ అమ్మాయి వాడిన "పీల్చు" అచ్చంగా సరిపోయింది!

అయితే నీటిపురుగు అనగానే మొప్పలు తగిలించకూడదు. క్యూలెక్స్ దోమ పిల్ల తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి తీసుకుంటుంది. అనాఫిలిస్ అనే మరో రకం దోమ పిల్లకు ఆ గొట్టమూ లేదు, నీటి పైపొరకు ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది. అందుకే నీటి మీద నూనె పోస్తే రెండూ "ఊపిరాడక" చస్తాయి, ఈ మాట అందరి నోటా ఉన్నదే.

ఇంకోటి, గట్టి రెక్కల కింద గాలి దాచుకుని మునిగే నీటిపురుగులున్నాయి. వాటి గురించి "ఊపిరి బిగబట్టి మునుగుతుంది" అని రాస్తుంటారు, నన్నడిగితే దిద్దాల్సింది దాన్ని. అది బిగబట్టదు, మూట కట్టుకెళ్లిన గాలిని కిందా పీలుస్తూనే ఉంటుంది.