ఎప్పుడూ ఆ యాభై మందేనా?

ప్రశ్న: మా సంస్థలో 400 మంది పనిచేస్తున్నారు. ఆఫీసు సిబ్బంది, ప్యాకింగ్ విభాగం, రాత్రి షిఫ్టువాళ్లు, అన్ని వయసులవారూ ఉన్నారు. నడక పోటీలు, సాయంత్రం యోగా తరగతులు పెట్టాం. ఎప్పుడు చూసినా ఆ 50 మందే. మిగతావారిని రప్పించేదెలా?
– ఒక హెచ్‌ఆర్ అధికారి

జవాబు: ఆ 50 మంది బహుశా ముందునుంచీ ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారే. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల మీదే జరిపిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది: చేరినవారికి అంతకుముందే వైద్య ఖర్చు తక్కువ, అలవాట్లు మెరుగు. కాబట్టి రానివారిని అడిగి మొదలుపెట్టండి. పేరు రాయనక్కర్లేని ఐదు ప్రశ్నలు చాలు. కాగితం మీదా, ఫోన్‌లోనూ, వాళ్లు మాట్లాడే భాషల్లో ఇవ్వండి. జవాబులను షిఫ్టులవారీగా చూడండి కానీ, పదిమందికంటే తక్కువున్న గుంపు లెక్కలు విడిగా చూపకండి. ఎవరేం రాశారో పోల్చుకోగలిగితే మరోసారి ఎవరూ నిజం రాయరు.

రోజంతా నిలబడి ప్యాకింగ్ చేసే మనిషికి కావలసింది మరిన్ని అడుగులు కాదు, కూర్చోవడానికి కుర్చీ. చక్రాల కుర్చీ వాడేవారికి, గర్భిణులకు అడుగుల పోటీలో చోటే లేదు. అడుగులకు బదులు నిమిషాలు లెక్కపెట్టండి. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఏ వ్యాయామమో ఎవరికి వారే ఎంచుకుంటారు. బరువు తగ్గే పోటీలు మాత్రం వద్దే వద్దు. అవి కొందరిని అవమానిస్తాయి, తిండి విషయంలో కొందరిని ప్రమాదంలోకి నెడతాయి.

రక్తపరీక్షలు షిఫ్టు మారే వేళ, జీతం లెక్కలోకి వచ్చే పనిగంటల్లోనే జరగాలి. రాత్రి పనిచేసినవారిని పరగడుపున రమ్మనడం కష్టం. గత రెండు మూడు నెలల సగటు రక్తచక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఉపవాసం అక్కర్లేదు. రక్తహీనత ఉంటే దాని ఫలితం తప్పుదారి పట్టించవచ్చు, అది వైద్యులు చూసుకుంటారు. ఫలితాలు పై అధికారి కంట పడకూడదు.

వీటన్నిటికంటే షిఫ్టుల పట్టికే ముఖ్యం. రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల విరామం ఉండాలి. మార్చేటప్పుడు ఉదయం, సాయంత్రం, రాత్రి అనే వరుసలోనే మార్చాలి, వెనక్కి తిప్పితే నిద్ర కుదురుకోదు. పట్టిక రెండు వారాల ముందే చేతికందాలి. నిద్ర చాలని మనిషిని యోగా తరగతికి రమ్మనడం న్యాయం కాదు.

ప్రశ్న: ఒత్తిడి తగ్గించే యాప్ కొనిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు పనిభారం, పనివేళల వంటివాటిని సరిచేయడం, మేనేజర్లకు శిక్షణ ఇవ్వడం కూడా సూచించాయి. యాప్ కొన్నా, ఎవరు వాడుతున్నారో యాజమాన్యానికి తెలియదని ఒప్పందంలో రాయించండి.