పాలు తోడు పెట్టాక ఐదు నిమిషాలు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. అమలాపురం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మావారిది హైదరాబాద్‌లో ఉద్యోగం, రెండు వారాలకోసారి వస్తారు. బాబు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. పాప ఆరో తరగతి. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. పగలంతా ఎలాగో గడిచిపోతుంది కానీ, మంచం ఎక్కగానే బుర్ర మొదలుపెడుతుంది. ఒకదాని మీద ఒకటి ఆలోచనలు. ఒంటిగంట దాకా నిద్ర పట్టదు. ఏమీ ఆలోచించకూడదని ఎంత గట్టిగా అనుకుంటే అంత ఎక్కువవుతున్నాయి. ఉదయం 4.30కి లేచి వాకింగ్, యోగా, ప్రాణాయామం, పూజ చేయాలని ఎన్నోసార్లు టైమ్‌టేబుల్ వేసుకున్నాను. మూడో రోజుకి ఆగిపోతుంది. నా మీద నాకే అసహ్యం వేస్తోంది. తోటి టీచరు ఇచ్చిన నిద్రమాత్ర సగం చొప్పున నాలుగుసార్లు వేసుకున్నాను. నాకు పిచ్చెక్కుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందుగా మీ చివరి మాటకే జవాబు చెబుతాను. మీరు రాసిన దాంట్లో పిచ్చి లక్షణం ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. నిద్రకు మొహం వాచిపోయి, మూడు ఊళ్లలో ఉన్నవాళ్ల అవసరాలను ఒక్క తలలో మోస్తున్న మనిషి కనిపించింది.

మీరు పంపింది నాలుగున్నర పేజీల ఉత్తరం. ఇక్కడ కొంచెమే వేశాం. నేను మాత్రం పూర్తిగా, పెన్సిల్ పట్టుకుని రెండుసార్లు చదివాను. మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వని విషయాలు ఒక్కోటీ వచ్చినప్పుడల్లా పక్కన గీత పెట్టాను. మొత్తం 27 గీతలు వచ్చాయి. వాటిలో 16 పనులు: గ్యాస్ బుక్ చేయాలి, పాప ప్రాజెక్టుకి చార్ట్ కొనాలి, అత్తయ్యగారి బీపీ మాత్రలు ఎల్లుండితో అయిపోతాయి, ఇన్సూరెన్స్ కట్టాలి, తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దాలి. ఇంకో ఏడు ‘ఏమవుతుందో’ అనే భయాలు: బాబు హాస్టల్లో ఏం ఆలోచిస్తున్నాడో, మావారు రాత్రి బస్సులో వస్తున్నారు, ఏమైనా అయితే? మిగిలిన నాలుగు పాత మాటలు. వాటిలో మూడు రెండేళ్ల కిందట గృహప్రవేశంలో మీ ఆడపడుచు అన్న ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నాయి.

లెక్కల టీచరు కాబట్టి మీకు ఇట్టే తెలుస్తుంది. సగానికి పైగా అసలు బాధలే కావు, పనులు! పని గుర్తుపెట్టుకోవడానికి మీ మనసుకి వేరే చోటు లేదు. పగలు మీరు దాని మాట వినే తీరికలో ఉండరు. ఇల్లంతా సద్దుమణిగాక, లైటు ఆర్పాక, అప్పుడు మీరు దొరుకుతారు. మర్చిపోతావేమోనని అది పదేపదే గుర్తుచేస్తుంది. కోపం తెచ్చుకోకండి, అది మీ ఇంటి పనే చేస్తోంది. చేసే వేళ ఒక్కటే తప్పు.

ఆలోచించకూడదని బిగబట్టడం మానేయండి. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దని వైద్యుడు చెప్పిన కథ మన పెద్దవాళ్లంతా చెప్పేదే. గ్లాసు ఎత్తినప్పుడల్లా ఆ రోగికి కోతే కనిపించింది. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు దాదాపు ఇదే పరీక్ష చేసి చూశాడు. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని, తలపుకొస్తే గంట కొట్టమని చెప్పాడు. జనం గంట కొడుతూనే ఉన్నారు. ఇక తలుచుకోవచ్చు అన్నాక అది ఇంకా ఎక్కువగా వచ్చింది. కాబట్టి ఇది మీ ఒక్కరి బలహీనత కాదమ్మా. మనసు తయారైన తీరే అంత.

మరేం చేయాలి? రాయండి.

రోజూ రాత్రి గిన్నెలు సర్దేసి, పాలు గోరువెచ్చగా అయ్యాక తోడు పెడతానని మీరే రాశారు. జ్వరం వచ్చినా ఆ పని ఆగదని కూడా రాశారు. నాకు కావలసిన చోటు అదే. తోడు పెట్టి మూత వేసి, చెయ్యి తుడుచుకుని, అక్కడే వంటింటి గట్టు దగ్గర నిలబడి ఒక నోట్‌బుక్ తెరవండి. పెన్ను దానికే దారంతో కట్టి ఉంచండి, వెతుక్కునే పని ఉండదు. సరిగ్గా ఐదు నిమిషాలు, రేపటి పనులు రాయండి. ‘పాప ప్రాజెక్టు’ అని రాస్తే చాలదు. ‘స్కూలు నుంచి వస్తూ బస్టాండు దగ్గర షాపులో చార్ట్ కొనాలి’ అని రాయండి. లెక్క చేసేటప్పుడు పిల్లల్ని స్టెప్పులు వేయమంటారు చూడండి, అలాగ. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చేస్తారో కాగితం మీద ఉంటేనే మనసు దాన్ని వదులుతుంది. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో 57 మంది యువతీయువకులతో చేసి, 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనులు రాసినవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్ల కంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. తొమ్మిది నిమిషాలేనా అనిపించవచ్చు. ఒంటిగంట దాకా దొర్లుతున్న మీకు ఆ తొమ్మిదీ మొదటి మెట్టు.

ఫోన్లో రాయకండి. ఫోన్ తెరిస్తే స్కూలు వాట్సాప్ గ్రూపు కనిపిస్తుంది, అక్కడ హెచ్‌ఎం గారి మెసేజ్, ఇంక అయిపోయినట్టే. ఆ ఫోన్ రాత్రి హాల్లోనే చార్జింగ్‌లో ఉండాలి. అలారం కోసమే కదా దిండు కింద పెట్టుకుంటానన్నారు. ఒక చిన్న అలారం గడియారం కొనుక్కోండి. బాబు హాస్టల్ నుంచి అర్ధరాత్రి ఫోన్ వస్తుందేమో అన్న భయం ఉంటే రింగు గట్టిగా పెట్టి ఉంచండి, హాల్లోంచి వినిపిస్తుంది.

ఇక ఆ ఏడు భయాలు. వీటికి రాత్రి నోట్‌బుక్ పనికిరాదు. పడుకునే ముందు వాటిని తవ్వితే ఇంకా పైకి లేస్తాయి. వీటికి సాయంత్రం ఒక వేళ కేటాయించండి. స్కూలు నుంచి మీ బస్సు ప్రయాణం 40 నిమిషాలన్నారు. అందులో మొదటి ఇరవై నిమిషాలు దిగులుకే ఇచ్చేయండి. ఆ సమయంలో కావాలనే దిగులు పడండి. బాబు గురించి, మీవారి ప్రయాణం గురించి, అన్నీ. ఒక్కో దానికి ‘దీనికి నేను ఈ వారం చేయగలిగింది ఏమైనా ఉందా?’ అని అడగండి. ఉంటే అది పని అవుతుంది, రాత్రి నోట్‌బుక్‌లోకి వెళ్తుంది. లేకపోతే రేపటి బస్సుకి వాయిదా. రాత్రి అదే భయం వస్తే, ‘నీ టైమ్ రేపు సాయంత్రం’ అని చెప్పి తిప్పి పంపండి. ఈ పద్ధతిని 1983లోనే థామస్ బోర్కొవెక్ అనే సైకాలజిస్టు బృందం పరీక్షించింది, రోజుకి అరగంట దిగులు వేళ పెట్టి. ఇప్పటికీ మేము వాడుతున్నాం. మొదటి వారం వింతగా ఉంటుంది. రెండో వారానికి బస్సులో కూర్చున్నా దిగులు పడటానికి ఏమీ గుర్తురాని రోజు వచ్చిందని చెప్పినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు.

బాబు సంగతి మాత్రం దిగులుతో వదలొద్దు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మార్కులు అడగకండి. ‘ఈ వారం ఎవరితో కలిసి అన్నం తిన్నావు?’ అని అడగండి. మాట పొడి పొడిగా వచ్చినా, ఇంటికి వచ్చేస్తానన్నా, ఇద్దరిలో ఎవరో ఒకరు బస్సెక్కి వెళ్లి వాణ్ని చూసి రండి. ఆ పిల్లలకి మనం ఎదురుగా కనిపించడం చాలా పెద్ద మందు.

ఆడపడుచుగారి మాట గురించి ఆగి చెప్పాలి. ‘ఉద్యోగం చేసే కోడలికి అత్తకి వేళకి అన్నం పెట్టే తీరికెక్కడిది’ అని పదిమందిలో అన్నారు. మీరు చేతిలో పసుపు కుంకుమల పళ్లెంతో నిలబడి నవ్వి ఊరుకున్నారు. రెండేళ్లుగా రాత్రిళ్లు ఆ జవాబు తయారుచేస్తూనే ఉన్నారు. ఇది చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ఆ రోజు పొద్దున నాలుగింటికి లేచి అత్తయ్యగారికి ఇడ్లీ పెట్టి, మాత్రలు వేసి, ఆ తర్వాతే పట్టుచీర కట్టుకున్నానని మీరే రాశారు. ఆ మాట అన్యాయం. అన్యాయమని మీతో ఎవరూ అనలేదు, అందుకే అది ఆరకుండా ఉంది. ఆ జవాబును ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితం మీద పూర్తిగా రాసేయండి, పంపక్కర్లేదు. తర్వాత మీవారికి ఆ విషయం ఒక్కసారి నోటితో చెప్పండి. ఆయన చెల్లెలితో గొడవ పెట్టుకోమని అడగొద్దు. ‘ఆ రోజు నాకు చాలా బాధేసింది, మీరు పక్కన ఉండి ఏమీ అనలేదు’ అని మాత్రం చెప్పండి. ఆ బాధకి మీ ఇద్దరిలో ఒక సాక్షి ఉంటే దాని పదును తగ్గుతుంది.

ఇప్పుడు ఆ టైమ్‌టేబుల్. దయచేసి చింపేయండి. ఒంటిగంటకి పడుకునే మనిషి నాలుగున్నరకి లేవడం అంటే మూడున్నర గంటల నిద్ర. మూడో రోజుకి ఆగిపోయిందంటే మీ ఒళ్లు మిమ్మల్ని కాపాడిందని అర్థం. దాన్ని బద్ధకం అనకండి. ఆరంభశూరత్వం అని మీ అమ్మగారు అన్నారట. నేను ఒప్పుకోను. ఒకేసారి ఐదు కొత్త అలవాట్లు తలకెత్తుకుంటే ఎవరికైనా అంతే.

రెండు నెలలు ఒకే అలవాటు: తోడు పెట్టాక ఆ ఐదు నిమిషాలు. దానికి తోడు ఒక నియమం: ఆదివారంతో సహా రోజూ ఒకే వేళకి లేవడం. మీకు 5.30 సరిపోతుంది. రాత్రి ఎంత ఆలస్యంగా నిద్ర పట్టినా సరే ఆ వేళకే లేవండి. పది, పదిహేను రోజుల్లో నిద్ర ముందుకు జరగడం మొదలవుతుంది. వాకింగూ యోగా తర్వాత చూద్దాం. అలవాటు 21 రోజుల్లో వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, నమ్మకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, ఇంకొందరి లెక్క 254 దాకా పోయింది. అందులో మీకు కావలసిన విషయం ఇంకొకటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టం రాలేదు. పండగకో పెళ్లికో ఒక రోజు రాయలేకపోతే, మళ్లీ సోమవారం దాకా ఆగకండి. మర్నాడు రాత్రి మామూలే.

మంచం మీద ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే, గడియారం చూడకుండా ఉజ్జాయింపుగానే, లేచి హాల్లోకి రండి. మసక లైటు వేసుకుని ఆరిన బట్టలు మడత పెట్టండి. కళ్లు బరువెక్కాకే మంచం మీదికి వెళ్లండి. మంచమంటే ఆలోచించే చోటని ఇన్నాళ్లుగా మీ ఒంటికి అలవాటైపోయింది, దాన్ని తప్పించాలి. గుండె దడగా ఉంటే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. స్టాఫ్ రూమ్‌లో సాయంత్రం స్పెషల్ క్లాసుల తర్వాత, ఐదింటికి తాగే ఆ స్ట్రాంగ్ టీ మానేయండి. అందులోని కెఫీన్ దాదాపు సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఇదంతా చేసినా ఒక పెద్ద విషయం మిగిలిపోతుంది. ఆ 16 పనుల్లో కనీసం ఆరు హైదరాబాద్‌లో కూర్చుని చేయగలిగినవి. గ్యాస్ బుకింగ్, ఇన్సూరెన్స్, కరెంటు బిల్లు, హాస్టల్ ఫీజు, అత్తయ్యగారి మాత్రలు ఆన్‌లైన్లో తెప్పించడం, బాబు కాలేజీ వాళ్లతో మాట్లాడటం. ‘చెప్తే చేస్తారు’ అని మీవారి గురించి రాశారు. అక్కడే ఉంది చిక్కంతా. ప్రతిసారీ చెప్పాలంటే గుర్తుపెట్టుకునే బరువు మీ దగ్గరే ఉన్నట్టు. పని అప్పగించాలి. గ్యాస్ అయిపోతే ఆయనే చూసుకోవాలి, మీరు ఒక్క మాట కూడా గుర్తుచేయకూడదు. మొదట్లో ఒకసారి ఆలస్యమవుతుంది, ఒక పూట ఇండక్షన్ స్టవ్ మీద వండుకోండి. తోడు పెట్టిన గిన్నెని మాటిమాటికీ మూత తీసి కదిపితే పెరుగు గడ్డకట్టదు కదా. అత్తయ్యగారి మాత్రలు రాత్రి పూట పాప వేస్తుంది. వారం డబ్బాలో సర్ది పెడితే పదకొండేళ్ల పిల్ల చక్కగా చేస్తుంది, నానమ్మతో నాలుగు మాటలూ చెప్తుంది. వేసుకున్నారో లేదో డబ్బా చూస్తే మీకు తెలిసిపోతుంది.

నిద్రమాత్ర ఇక వద్దు. నాలుగుసార్లతో ఆగారు, సంతోషం. వేరే వాళ్లకి రాసిన మాత్ర మీకు పడుతుందో లేదో తెలియదు. వాటిలో చాలావాటికి కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతాం. ఎవరైనా రోజూ వేసుకుంటూ ఉంటే మాత్రం హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. మీరు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్. థైరాయిడ్ ఎక్కువైతే గుండె దడ, నిద్రలేమి, కంగారు అచ్చం ఇలాగే ఉంటాయి. మీ వయసులో నెలసరి మార్పుల వల్ల కూడా నిద్ర చెడుతుంది, డాక్టరుతో ఆ మాట కూడా చెప్పండి. ఆరు వారాలు ఇవన్నీ చేసినా తేడా లేకపోతే, లేదా ఏ పనీ చేయబుద్ధి కాకుండా పోతే, సైకియాట్రిస్టుని కలవడానికి మొహమాటపడకండి. బతికి ఏం లాభం అనిపించినా, నిద్ర లేకపోయినా అలసటే తెలియకుండా మరీ హుషారుగా ఉన్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు, వెంటనే వెళ్లండి. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఏ వేళనైనా తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు. అది నోట్‌బుక్ అట్ట లోపల రాసిపెట్టుకోండి.

ఈ రాత్రికి నోట్‌బుక్ లేకపోతే దిద్దిన పేపరు వెనకైనా ఫరవాలేదు. మొదటి లైను నేనే చెప్తాను: ‘గ్యాస్ బుకింగ్. రేపు రాత్రి తొమ్మిదింటి ఫోన్లో ఆయనకి అప్పగించాలి.’