పిల్లి ఏం తింటుందో చూడ్డానికి ఎవడైనా జీతమిస్తాడా?

కాకినాడ పక్కన తాళ్ళరేవు దగ్గర ఊరి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్ అండి. నీట్‌కి లాంగ్ టర్మ్ పెడదామంటే ససేమిరా అంటుంది. కోరంగి మడ అడవుల్లో బావురు పిల్లి (నీళ్ళలో చేపలు పట్టుకు తినే అడవి పిల్లి, ఫిషింగ్ క్యాట్) మీద పనిచేసేవాళ్ళని ఒకసారి చూసింది, అప్పట్నుంచి వైల్డ్ లైఫ్ బయాలజీ చదువుతానని ఒకటే పట్టు. మావారికి రొయ్యల చెరువులున్నాయి. ఆయనేమో పిల్లి ఏం తింటుందో చూడ్డానికి ఎవడైనా జీతమిస్తాడా అని నవ్వేస్తున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను, ఏం చెయ్యమంటారు?"

అమ్మా, ముందు మీవారికి జవాబు చెప్తాను. ఇస్తారండి. మొదట్లో చాలా తక్కువ ఇస్తారు, కానీ ఇస్తారు. ఆ లెక్కలు కింద చెప్తాను, దాచేదేం లేదు.

అసలు మీ ఇంట్లో ఈ చదువు ఎప్పుడో మొదలైపోయింది, మీరే గమనించలేదు. మీవారు పొద్దున్నే చెరువు గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసి ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సూక్ష్మ జీవులు) బావుందో పడిపోయిందో చెప్పేస్తారు కదా, చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూసి రొయ్య తింటుందో లేదో తేల్చేస్తారు కదా, తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతుందని నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పుతారు కదా. ఎవరు ఏం తింటున్నారు, ఎంత తింటున్నారు, వాళ్ళుండే చోటు వాళ్ళకి సరిపోతుందా లేదా, ఈ మూడే కదండీ ఆయన రోజూ చూసేది. మీ అమ్మాయి అడిగేది కూడా అదే, కాకపోతే గట్లు లేని చెరువులో. అక్కడ మేత వేసేవాడు లేడు, ఏరేటర్ లేదు, అయినా అన్నీ బతుకుతున్నాయి. ఎలా అని అడగడమే ఈ సబ్జెక్టు.

మీ ఊరి పక్కనే ఉంది కాబట్టి మడ అడవితోనే చెప్తాను. మడ ఆకు పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని తినేవాళ్ళు తక్కువ, వగరు ఎక్కువ. అది పండి బురదలో పడ్డాకే అసలు కథ. కొన్ని ఆకుల్ని పీతలు పట్టుకుని బొరియల్లోకి లాక్కుపోతాయి, మిగతావి బురదలో నాని బూజు పట్టి బాక్టీరియా పట్టి మెత్తగా అయిపోతాయి, విచిత్రం ఏంటంటే కుళ్ళిన ఆకులో పచ్చి ఆకులో కన్నా ప్రోటీన్ పాలు ఎక్కువ, ఎందుకంటే తినేవాళ్ళకి ఆకుతో పాటు ఆ బూజూ బాక్టీరియా కూడా దొరుకుతాయి. దాన్ని రొయ్య పిల్లలు తింటాయి, కొయ్యింగ చేపలు బురద మీద మూతి రాసి రాసి నాకేస్తాయి. వాటిని పండుగప్ప మింగుతుంది, కొంగ ఏరుకుంటుంది, రాత్రయితే బావురు పిల్లి ఒడ్డున కూర్చుని పంజాతో లాగుతుంది, నీటికుక్కలైతే గుంపుగా దిగి వేటాడతాయి. ఇది ఒక దారి. ఇంకోటి చూడండి, పీత తవ్విన బొరియల్లోంచి గాలీ పోటు నీళ్ళూ బురద లోపలికి వెళ్తాయి, వేళ్ళకి ఊపిరాడుతుంది. అంటే చెట్టు పీతకి మేత పెడుతుంటే పీత చెట్టుకి ఏరేటర్ తిప్పుతోందన్నమాట! మీవారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, ఆయన నవ్వు ఆపకపోతే నన్నడగండి.

అందుకే దీన్ని ఆహారపు గొలుసు అంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, టెక్స్ట్ బుక్కులో గడ్డి, మిడత, కప్ప, పాము అని బాణం గుర్తులేసి నేర్పేసి మార్కులిచ్చేస్తారు. నిజానికది వల. మీ దగ్గర వల అల్లేవాళ్ళకి తెలుసు, ఒక్క కన్ను తెగితే వలంతా ఏం పోదు, కానీ ఏ కన్ను తెగిందనేదాన్ని బట్టి చేప పోతుంది.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది పిల్లలు టీవీలో పులి వెనకాల జీపు చూసి వస్తారు. బావురు పిల్లి మామూలు పిల్లికి రెండింతలుంటుంది, తోక పొట్టి, వేళ్ళ మధ్య కొంచెం తోలు పొర ఉంటుంది, ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది కాబట్టి కళ్ళబడటం అరుదు. మరి అది ఏం తిందో ఎలా తెలుస్తుంది? మలం ఏరతారండి. అవును, అదే. గట్ల మీద, కాలవల ఒడ్డున వెతికి, దొరికినచోటు జీపీఎస్‌లో నోట్ చేసుకుని, కవర్లో వేసి తేదీ రాసి, తర్వాత జల్లెడలో కడిగి ఆరబెట్టి లోపల మిగిలినవి వేరుచేస్తారు. చేప పొలుసులు ఒక పక్క, పీత డిప్ప ముక్కలు ఒక పక్క, ఎలక వెంట్రుకలు ఒక పక్క. వెంట్రుకని మైక్రోస్కోప్ కింద పెడితే లోపలి గీతల్ని బట్టి అది ఎలకదా పందికొక్కుదా అని చెప్పొచ్చు. ఇలా వందల శాంపిల్స్ చూస్తే గానీ "ఈ పిల్లి ఎక్కువ చేపల మీదే బతుకుతోంది, పొలాల పక్కన ఉన్నప్పుడు ఎలకలు కూడా బాగా తింటోంది" అనే ఒక్క వాక్యం రాయలేం. ఆ వాక్యం కోసం రెండేళ్ళు బురద తొక్కాలి. అమ్మాయికి ఈ పేరా చదివి వినిపించండి, మొహం చిట్లించకుండా "తర్వాత?" అని అడిగిందనుకోండి, సగం సీటు వచ్చినట్టే.

దీనివల్ల ఎవరికి ఉపయోగం అంటారేమో, రాబందుల సంగతి చెప్తాను. 90ల్లో మన దేశంలో రాబందులు ఉన్నట్టుండి రాలిపోవడం మొదలైంది, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు, రోగం అనుకున్నారు. చివరికి 2004లో తేలిందేంటంటే పశువులకి నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డుని తిన్న రాబందులకి కిడ్నీలు పోతున్నాయి. తెల్లవీపు రాబందులైతే 1992కీ 2007కీ మధ్య వందకి 99కి పైగా పోయాయి. కళేబరాలు మిగిలిపోయాయి, కుక్కలు పెరిగాయి, కుక్కలతో పాటు రేబిస్ భయం పెరిగింది. 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు, బదులు మెలాక్సికామ్ వాడమన్నారు. ఎవరో ఒకరు చచ్చిన పక్షుల్ని కోసి చూసి, ఏం తిన్నాయో వెనక్కి వెళ్ళి వెతక్కపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

సరే ఇక చదువు. ఇంటర్ అయ్యాక నాకు కనిపించే దారులు ఇవి, నాకు నచ్చిన వరసలో చెప్తాను. మీ ఇంటికి నేనైతే మొదట బీఎఫ్ఎస్సీ చూడమంటాను, అంటే ఫిషరీ సైన్స్, నాలుగేళ్ళు, నెల్లూరు వైపు ముత్తుకూరు కాలేజీ మనకి బాగా తెలిసిందే. ఇందులో నీళ్ళు, ప్లాంక్టన్, చేపల మేత, రోగాలు అన్నీ ఉంటాయి, తర్వాత అడవి వైపు వెళ్ళకపోయినా ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ పోస్టులు, బ్యాంకులు, ఆక్వా కంపెనీలు ఉన్నాయి, రీసెర్చ్ కావాలంటే కలకత్తా దగ్గర బారక్‌పూర్‌లో సిఫ్రీ (నదులు, చెరువుల చేపల మీద పని), చెన్నైలో సీబా (ఉప్పునీటి రొయ్యలు, చేపల పెంపకం మీద పని) లాంటి కేంద్ర సంస్థలున్నాయి. పులస సంగతే తీసుకోండి, పుస్తెలమ్మైనా తినాలంటాం గానీ అది సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీదుతూ గోదాట్లోకి వస్తుంది, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. ఒక చేపకి రెండు చోట్లు కావాలి, మధ్యలో దారి కూడా కావాలి. ఇలాంటివి చదవడమే పనిగా ఉన్న సైంటిస్టులున్నారు, జీతాలు సెంట్రల్ గవర్నమెంట్ స్కేలు. మీవారికి కూడా ఈ కోర్సైతే అర్థమవుతుంది, ఇంట్లో యుద్ధం తగ్గుతుంది.

అమ్మాయి అడవే కావాలంటే బీఎస్సీ జువాలజీ మేజర్ తీసుకుని, మైనర్‌గా స్టాటిస్టిక్స్ దొరుకుతుందేమో చూడమనండి. నవ్వకండి, ఈ ఫీల్డ్‌లో బైపీసీ పిల్లలు దెబ్బతినేది పాములకి భయపడి కాదు, లెక్కలకి భయపడి. కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా కదిలితే తనంతట తనే ఫోటో తీసే కెమెరా) ఫోటోలు వెయ్యి వస్తాయి, అందులోంచి పిల్లులెన్నో అంచనా వెయ్యాలంటే లెక్కలే. ఈ లెక్కలకి ఆర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, మ్యాపులకి క్యూజీఐఎస్ ఉంది, అది కూడా ఫ్రీయే, డిగ్రీ సెకండియర్‌లోనే మొదలెట్టేస్తే మంచిది. తిరుపతి ఐసర్‌లో (సైన్స్ చదువులకి పెట్టిన కేంద్ర సంస్థ) ఎకాలజీ ల్యాబులున్నాయి, దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో బయాలజీతో పాటు మ్యాథ్స్ ప్రశ్నలు కూడా ఉంటాయి, బైపీసీ వాళ్ళు రాయొచ్చు గానీ ఆ పావు వంతు వదిలేస్తే సీటు కష్టం.

పీజీకి దేశంలో పేరున్నవి రెండు. డెహ్రాడూన్‌లో వైల్డ్ లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగుళూరులో ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్). ఎన్‌సీబీఎస్ వాళ్ళు రెండేళ్ళకోసారి మాత్రమే పిల్లల్ని తీసుకుంటారు, అదీ వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిని. కాబట్టి అదొక్కటే నమ్ముకోకూడదు, పాండిచ్చేరి యూనివర్సిటీ ఎకాలజీ ఎమ్మెస్సీ కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే కేంద్ర పరిశోధన సంస్థ వాళ్ళ లాకోన్స్ ల్యాబ్ ఉంది, అంతరించిపోయే జంతువుల మీదే పని, ప్రాజెక్టులు పడుతుంటాయి.

జీతాల దగ్గరికొద్దాం. డిగ్రీ, పీజీ అయిన కొత్తలో ప్రాజెక్టుల్లో చేరితే నెలకి పాతిక వేల చుట్టూ, ఎన్జీవోల్లో అంతకన్నా తక్కువ కూడా, ఏడాదికో రెండేళ్ళకో ప్రాజెక్టు అయిపోతుంది, మళ్ళీ వెతుక్కోవాలి. నెట్ అనే జాతీయ పరీక్ష కొట్టి జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, పీహెచ్‌డీకి ఐదారేళ్ళు. ముప్పై దగ్గర పడేదాకా స్థిరపడినట్టు ఉండదండి, ఇది మీకు ముందే తెలియాలి. పెళ్ళి సంగతి మీరు అడగలేదు కాబట్టి నేనూ ఎత్తను. కన్సల్టెన్సీల దారి ఒకటుంది, పోర్టు కట్టాలన్నా ఫ్యాక్టరీ పెట్టాలన్నా పర్యావరణ నివేదిక కావాలి, అందులో జంతువులూ చెట్ల భాగం రాయడానికి ఎకాలజీ మనిషి కావాల్సిందే, డబ్బు బాగానే ఉంటుంది, మనస్సాక్షితో పేచీ కూడా అప్పుడప్పుడూ ఉంటుంది. ఇక స్థిరంగా కావాలంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్, జువాలజీ డిగ్రీ చాలు, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది, ఆడపిల్లలకి నాలుగు గంటల్లో 14 కిలోమీటర్ల నడక పరీక్ష ఉంటుంది. స్టేట్‌లో రేంజ్ ఆఫీసర్ పోస్టులు ఏపీపీఎస్సీ వేస్తుంది, ఎప్పుడేస్తుందో దేవుడికే తెలియాలి. ఇంకో మాట, ఫారెస్ట్ ఉద్యోగమంటే ఎక్కువ భాగం ఫైళ్ళు, కేసులు, మనుషులు, పిల్లిని చూసేది తక్కువ.

ఒక్క జాగ్రత్త. మూడ్రోజుల "వైల్డ్ లైఫ్ సర్టిఫికెట్" క్యాంపులని ఇన్‌స్టాలో తెగ వస్తున్నాయి. నేనే ఒక అబ్బాయికి మంచిదేలే వెళ్ళు అన్నాను, పద్దెనిమిది వేలు కట్టి వెళ్తే రిసార్ట్‌లో ఉంచి రెండు సఫారీలు తిప్పి కాగితం చేతిలో పెట్టారట. ఆ కాగితం ఎక్కడా పనికిరాలేదు, వాళ్ళ నాన్న దగ్గర నా పరువు మాత్రం పోయింది. అంతకంటే రోజూ రాసిన నోట్‌బుక్కుకి ఇంటర్వ్యూల్లో విలువెక్కువ.

అందుకని ఇప్పుడు ఏదీ తేల్చేయకండి. ఇంటర్ పరీక్షలయ్యాక అమ్మాయికి ఆ ఖాళీ రెండు నెలలు ఇవ్వండి, మడ అడవిలోకి వద్దు, అది శాంక్చురీ, పర్మిషన్ లేకుండా లోపలికి వెళ్ళకూడదు, ఏదీ ఏరకూడదు. మీ చెరువు గట్టు చాలు. వారానికి మూడ్రోజులు, పొద్దున ఆరింటికి ఒక గంట, ఒకే చోట కూర్చుని ఏ పక్షి వచ్చింది, ఏం తింది, ఎన్ని నిమిషాలుంది, నీళ్ళు నింపినప్పుడు ఎవరొచ్చారు, పట్టుబడి అయ్యి చెరువు ఎండగట్టినప్పుడు ఎవరొచ్చారు అని రాయమనండి. లకుముకి పిట్ట ఏ కర్ర మీద కూర్చుంటుందో, ఆ కర్ర తీసేస్తే ఎక్కడికి పోతుందో కూడా. పక్షుల పేర్లకి మెర్లిన్ యాప్ ఉంది, లెక్కలు ఈబర్డ్‌లో ఎక్కించొచ్చు, రెండూ ఫ్రీయే. మూడో వారానికి బోర్ కొట్టి మానేస్తే కోపం వద్దు, అప్పుడు నీట్ సంగతి మళ్ళీ మాట్లాడదాం. మానకపోతే మీవారిని ఒక రోజు పక్కన కూర్చోమనండి, ఏ కొంగ ఎన్ని రొయ్యలు ఎత్తుకుపోతోందో ఆయనకీ లెక్క కావాలి కదా. జూన్‌లో ఆ నోట్‌బుక్కు ఫోటోలు తీసి పంపండి, అక్షరాలు బాలేకపోయినా పర్లేదు, తేదీలు మాత్రం ఉండాలి.