అక్కనడుగుండ్రి: కొరియా పాటలు నోటికొస్తయి, బతుకమ్మ పాట రాదు

ప్రశ్న: అక్కా, నాది డిగ్రీ సెకండియర్. మూడేండ్ల సంది కొరియన్ సీరియళ్లు చూస్తున్న, పాటలు వింటున్న, భాష కూడ ఫోన్ల చూసి సొంతంగ నేర్చుకుంటున్న. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు పాటలు రాక పక్కకు నిలవడి ఫోన్ చూసుకుంటుంటే మా అమ్మ అందరి ముందట "దీనికి కొరియా పాటలన్ని నోటికొస్తయి గని మన పాట ఒక్కటి రాదు" అన్నది. బాపు అయితే మనదంటే నీకు నామోషీ అంటడు. నామోషీ ఏం లేదక్కా, ఒట్టు. వాళ్లది ఇష్టపడితె మనది తక్కువ చేసినట్టేనా?
- ఒక చెల్లె, హన్మకొండ

జవాబు: కాదు చెల్లె. అందరి ముందట అనుడు అమ్మది తప్పే, ఆ మాట నేనే అంటున్న అని చెప్పు. కని ఆమె అన్నదాంట్ల ఎంతో కొంత నిజం లేకుంటె నీకు ఏడాది దాక మంట ఉండకపోవు కదా.

ఒకటి అడుగుత, ఇన్నేండ్ల సంది కొరియా చూస్తున్నవ్, గంగ్‌గంగ్‌సుల్లే గురించి విన్నవా? వాళ్ల చుసొక్ పండుగ ఎనిమిదో నెల పున్నానికి వస్తది, అంటే ఇంచుమించు మన పెత్రమాస, బతుకమ్మ రోజులే. ఆ రాత్రి వెన్నెలల ఆడోళ్లు చేతులు పట్టుకోని గుండ్రంగ తిరుగుతరు, ఒకామె చరణం అందుకుంటె మిగిలినోళ్లంత "గంగ్‌గంగ్‌సుల్లే" అంటరు, మొదట మెల్లగ, పోను పోను జోరుగ. మన దగ్గర ఒకామె అందుకుంటె అందరు "ఉయ్యాలో" అన్నట్టే. దక్షిణ కొరియాల నైరుతి దిక్కు ఊర్ల ఆట అది, ఎనుకట వ్యవసాయం చేసే ఇండ్లల్ల ఆడపిల్లలకు గొంతెత్తి పాడుడు, రాత్రిపూట బయట తిరుగుడు ఉండకపోయేది, ఆ ఒక్క పండుగకే సందు దొరికేది. 2009ల యునెస్కో కూడ గుర్తించింది. మనం నడుమ పూలు పెట్టి చప్పట్లు కొడుతం, వాళ్లు చేతులు పట్టుకుంటరు, గంతే తేడా. నేను మొదటిసారి వీడియో చూసినప్పుడు వేయిస్తంభాల గుడి కాడ ఎంగిలి పువ్వు నాడు మా బాపమ్మ పాట ఎత్తుకునుడు యాదికొచ్చి ఊకె కూసున్న జరసేపు.

నువ్వు నేర్చుకునే భాష సంగతి కూడ చూడు. కొరియన్ల "నేను అన్నం తిన్న" అనాలంటె మాటల వరుస మనదే, క్రియ ఆఖరుకే వస్తది. మనిషి కనపడంగనె వాళ్లు "బప్ మొగొస్సొ" అంటరు, అన్నం తిన్నవా అని. మన వాడకట్టుల పొద్దంత ఇనపడేది గదే కదా.

ఇంక లిపి. సెజోంగ్ అనే రాజు 1443ల హంగుల్ అక్షరాలు తయారు చేయించి 1446ల జనానికి ఇచ్చిండు, కని అప్పటి పెద్ద పెద్ద పండితులు చైనా అక్షరాలే గొప్ప అనుకోని దీన్ని చిన్నచూపు చూసిన్రు. తర్వాత జపానోళ్లు 1910 నుంచి 1945 దాక ఏలిన్రు, ఆఖరి ఏండ్లల్ల బడుల నుంచి కొరియా భాషనే ఎల్లగొట్టిన్రు. గంత అయినంక కూడ వాళ్లు ఇడిసిపెట్టలే, ఇప్పుడు దక్షిణ కొరియాల అక్టోబర్ 9 నాడు అక్షరాలకు సెలవు దినం ఉన్నది. నువ్వు ఇష్టపడేది అట్లాంటి మొండి మనుషులను. మరి నువ్వు నాకు పంపిన ఉత్తరం చెల్లె, మొత్తం ఇంగ్లిష్ అక్షరాలల్ల కొట్టిన తెలుగు, మేం కూసోని తెలుగులకు మార్చి వేసినం ఇక్కడ. హంగుల్ నేర్చుకున్న దానివి, మన ఒత్తులు నీకు ఒక లెక్కనా?

బాపుకు కూడ ఒక మాట. వరంగల్ తివాచీలంటె మనకు ఎంత గొప్పనో ఆయనకు ఎరుకే, 1851ల లండన్ల జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ల పెట్టిన్రు వాటిని. ఆ ముడుల పని పర్షియా నుంచి మొగలుల కాలంల వచ్చిందని చెప్తరు. మన నేతగాళ్లు పరాయోళ్ల పని అని మొఖం తిప్పుకుంటె ఇయ్యాల చెప్పుకోనీకి ఏం ఉండేది? ఇంకోటి, గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కుల కొరియా కంపెనీ యంగ్‌వన్ ఫ్యాక్టరీలు పెట్టింది, బిడ్డకొచ్చిన కొరియన్ రేపు ఇంటికి జీతం తెచ్చినా తేవచ్చు, అప్పుడు బాపు ఏమంటడో చూద్దాం.

ఈసారి పండుగకు ఇంక టైం ఉన్నది. బాపమ్మనో అమ్మమ్మనో ఉంటె ఆమె పక్కన కూసోని రెండు పాటలు ఫోన్ల రికార్డు చెయ్యి, కొరియా పాట ఎట్ల నేర్చుకున్నవో గట్లనే ఒక్కో లైను ఆపుకుంట, రాసుకుంట. రెండు పాటలు చాలు, మిగిలినయి "ఉయ్యాలో" అనుకుంట కలిసిపోతయి.

ప్రశ్న: కొరియన్ భాష మన దక్షిణాది భాషల నుంచే పుట్టిందట, వాళ్లు కూడ అమ్మను "ఒమ్మ" అని, నాయినను "అప్ప" అని అంటరట. మా బావ వాట్సప్ల పంపిండు, నిజమేనా?
- ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఆ మాటలు నిజమే, పుట్టుక ముచ్చట కాదు. వందేండ్ల కింద హల్బర్ట్ అనే అమెరికాయన రెండిటికి చుట్టరికం ఉన్నదని ఒక పుస్తకమే రాసిండు, కని ఇప్పటి భాషావేత్తలు ఒప్పుకోరు, తెలుగు ద్రావిడ కుటుంబం, కొరియన్ది వేరే కుటుంబం. పసిపిల్లల పెదవులకు మ, ప సులువుగ వస్తయి కాబట్టి శానా దేశాలల్ల అమ్మానాయినల పేర్లు గిట్లనే ఉంటయి. ఆ మెసేజ్ ఇంకొకలకు పంపకుండ్రి. బావకు మాత్రం ఫోన్ చేసి తిన్నవా అని అడుగుండ్రి.