మాల్దీవులంత చిన్న దేశానికి వసతులు కల్పించడం ఏమంత కష్టం? ఐదేళ్లు ఉండి వచ్చినవాడి జవాబు

ప్రశ్న ఇది: "మాల్దీవుల జనాభా మన నెల్లూరు నగరమంత కూడా ఉండదేమో. టూరిస్టుల డబ్బు వచ్చి పడుతోంది. అలాంటి చిన్న దేశానికి రోడ్లు, కరెంటు, ఆసుపత్రులు ఏర్పాటు చేసుకోవడం ఏమంత కష్టం? అక్కడ ఉన్నవాళ్లు చెప్పగలరా?"

ఉన్నాను కాబట్టి చెప్తాను. నేను ఎకనామిస్టుని కాను, లెక్కల మాస్టారిని. మాది బందరు దగ్గర బంటుమిల్లి. 2014 జనవరి నుంచి 2018 చివరి దాకా మాల్దీవుల ఉత్తరాన, హా ధాలు అటాల్‌లో (అటాల్ అంటే దీవుల గుంపు) ఒక చిన్న దీవిలో బడిపిల్లలకి లెక్కలు చెప్పాను. ఊరి పేరు చెప్పను. ఎనిమిది వందల మంది ఉంటారు, పేరు చెబితే నేనెవరో వాళ్లందరికీ తెలిసిపోతుంది.

మీ ప్రశ్నలో "చిన్న దేశం" అన్న మాట దగ్గరే నాకు పేచీ. నేల మొత్తం పోగేస్తే 300 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, నిజమే, హైదరాబాద్‌లో సగం కూడా కాదు. కానీ ఆ నేలని దాదాపు 1,200 ముక్కలు చేసి, పై నుంచి కింద దాకా 860 కిలోమీటర్ల పొడవున సముద్రంలో చల్లేశారనుకోండి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరం ఎంతో ఇంచుమించు అంత. ఆ ముక్కల్లో జనం ఉండేవి ఓ రెండు వందలు. ఇప్పుడు చెప్పండి, 2022 లెక్కల ప్రకారం 5 లక్షల 15 వేల మంది ఉన్న దేశానికి ఎన్ని కరెంటు స్టేషన్లు కావాలి? మనకైతే విజయవాడలో ఒక థర్మల్ కేంద్రం కట్టి స్తంభాలు పాతుకుంటూ పోతే ఎక్కడికైనా కరెంటు వెళ్తుంది. అక్కడ ఊరికో డీజిల్ జనరేటర్. ఊరికో బడి, ఊరికో హెల్త్ సెంటర్, ఊరికో చెత్త గుట్ట. మా ఊళ్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల ఊరికి ఒక మండల కేంద్రానికి ఉండాల్సినవన్నీ ఉండాలి, పక్క ఊరితో పంచుకోవడం కుదరదు. ఇది నెల్లూరుకి వసతులు కల్పించడం లాంటిది కాదండీ. నెల్లూరుని రెండు వందల చోట్ల విడివిడిగా కట్టడం.

రోడ్ల గురించి అడిగారు. రోడ్లదేముంది, ఊళ్లో తెల్లటి ఇసుక బాట, దాని మీద నాలుగు స్కూటర్లు. అసలు సంగతి బందరు. నవ్వకండి, వాళ్ల ధివేహి భాషలో రేవుని "బందరు" అనే అంటారు. మొదటి రోజు హెడ్మాస్టర్ నన్ను బోటు దింపి "ఇదే మా బందరు" అంటే నేను ఆ సిమెంటు గట్టు వైపు వెర్రిమొహం వేసుకుని చూశాను. బోటుని ధోని అంటారు. క్రికెటరు కాదు, మన దోనె. ఇంకోటి చెప్తాను, ఇది మా నాన్నకి ఫోన్లో చెబితే నమ్మలేదు. వాళ్ల ముసలివాళ్లు వానాగాలీ లెక్క పెట్టేది నకై అనే పద్ధతిలో. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. పేర్లు వినండి: అస్సిద, బురును, కేతి, రోను, మియాహెలియ, అద. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర! అచ్చంగా మన కార్తెలు. కాకపోతే మనవాళ్లు వాటిని చూసి దుక్కి దున్నితే, వాళ్లు చేపల వేటకి వెళ్లాలా వద్దా అని చూసుకుంటారు.

సరే, బందరు దగ్గరికొద్దాం. ప్రతి దీవి చుట్టూ పగడపు దిబ్బ ఉంటుంది, నీళ్లలో మునిగి ఉన్న ప్రహరీగోడలాగా. బోటు లోపలికి రావాలంటే ఆ గోడలో ఒకచోట గండి కొట్టాలి, లోపల ఇసుక తవ్వి లోతు చెయ్యాలి, రాళ్లతో అడ్డుగోడ కట్టాలి. గండి కొట్టిన వైపు, వాడిన రాయి, దాని వెడల్పు, వీటి మీద ఆ ఊరి జీవితమంతా ఆధారపడి ఉంటుంది. ఎక్కువ కొడితే ఇసుక కొట్టుకుపోతుంది. అడ్డుగోడ కడితే ఆరునెల్లకోసారి దీవి చుట్టూ తిరగాల్సిన ఇసుక ఒక పక్కనే ఆగిపోయి, రెండో పక్క ఒడ్డు కోసుకుపోతుంది. మా ఊళ్లో పడమర ఒడ్డున కొబ్బరిచెట్లు వేళ్లు బయటపెట్టుకుని, గోదారి గట్టు తెగినప్పటి చెట్లలాగా వంగి నిలబడి ఉండేవి. సముద్రం పెరిగి దేశం మునిగిపోతుందని టీవీల్లో చూపిస్తారు కదా, అది అబద్ధం కాదు, ఊరు సముద్రానికి మీటరున్నర ఎత్తులో ఉంటుంది మరి. కానీ నేను కళ్లారా చూసిన కోత మాత్రం ముప్పావు వంతు ఆ గోడ వల్లే అని నా గట్టి నమ్మకం. ఇంజనీర్లు కాదంటే కాదననివ్వండి.

2015 జూన్. మియాహెలియ, అంటే మృగశిర నడుస్తోంది. రంజాన్ నెల మొదలవడానికి నాలుగైదు రోజులుంది. ఊరి కొట్లలో ఉల్లిపాయలు అయిపోయాయి. రంజాన్‌లో సాయంత్రం ఉపవాసం విడిచాక వాళ్లకి హెదికా ఉండాలి, అంటే గుల్హా, బజియా లాంటి చిరుతిళ్లు, అన్నింట్లోనూ ట్యూనా చేప, కొబ్బరి, ఉల్లిపాయ. చేప ఉంది, కొబ్బరి ఉంది, ఉల్లిపాయ మాత్రం ఇండియాది. నాసిక్‌లో బయల్దేరి, ఓడెక్కి, రాజధాని మాలెలో దిగి, మళ్లీ చిన్న బోటెక్కి పదహారు పద్దెనిమిది గంటలు ప్రయాణం చేసి మా ఊరు రావాలి. బియ్యం, గోధుమపిండి, పంచదార, గుడ్లు, గ్యాస్ బండలు, బడికి చాక్‌పీసులు, అన్నీ ఆ బోటు మీదే. అందులో నా సరుకు కూడా ఒకటి ఉంది. మా అమ్మ మేలో పెట్టిన కొత్తావకాయ. సెలవుకి ఇంటికెళ్లొచ్చిన విజయనగరం మాస్టారొకాయన దాన్ని మాలె దాకా మోసుకొచ్చి, ఆ బోటు మీద పడేసి, తన దీవికి తను వెళ్లిపోయాడు. ఐదు కేజీల డబ్బా, మూతకి మూడు చుట్లు టేపు.

బోటు శుక్రవారం పొద్దున్నే కనపడింది. ఊరంతా బందరులో ఉంది, శుక్రవారం అక్కడ సెలవు. కనపడింది గానీ లోపలికి రాలేదు. నైరుతి గాలికి గండి దగ్గర అల తాటిచెట్టంత కాదు గానీ, ఇంటి చూరంత లేచి విరుగుతోంది. రెండుసార్లు ముక్కు గండి వైపు తిప్పాడు కెప్టెను, రెండుసార్లూ వెనక్కి తీసేశాడు. దిబ్బ దాటితే లోతు ఎంతంటే అక్కడ లంగరు వెయ్యడం కూడా కుదరదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, పక్క దీవి చాటుకి పోయి ఆగాడు. సాయంత్రం పోటు మీద మళ్లీ వచ్చాడు. మళ్లీ పోయాడు. శనివారం కూడా అంతే.

కొట్టాయన నా పక్కన నిలబడి చూస్తున్నాడు. హిందీ సినిమాల పుణ్యమా అని అక్కడ చాలామందికి హిందీ వచ్చు. "సార్, వో దేఖో మేరా ప్యాజ్" అని చెయ్యి చాపి చూపించాడు. నిజంగానే కనపడుతున్నాయి, డెక్కు మీద ఎర్ర సంచులు, పైన నీలం పట్టా గాలికి కొట్టుకుంటోంది. మా చిన్నప్పుడు తాడుతో లాగే పంటు మీద అవతలి గట్టుకి పోయేవాళ్లం, ఆ కాలవ ఎంత వెడల్పో అంత దూరం. మాలె నుంచి 270 కిలోమీటర్లు వచ్చేసిన సరుకు చివరి వంద గజాలు దాటలేకపోయింది. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి "అందిందా నాన్నా" అంటే "కనపడుతోందమ్మా" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, నెట్‌వర్క్ బాలేదనుకుని పెట్టేసింది.

ఆదివారం పోటు మీద లోపలికొచ్చాడు. నేను మొదటి పీరియడ్ వదిలేసి పరిగెత్తాను, నిజం చెప్పాలంటే పిల్లలు నాకంటే ముందే పరిగెత్తారు. గుడ్ల అట్టలు సగం పగిలిపోయాయి, టమాటాలు పారబోశారు, ఉల్లిపాయలు మాత్రం క్షేమం. నా డబ్బా మూత ఊడింది. మూడు రోజుల కుదుపుకి నూనంతా కారి పక్కనున్న గోధుమపిండి బస్తాలకి పట్టేసింది. బందరు మొత్తం ఆవపిండి వాసన. కొట్టాయన ఎర్రబడిన బస్తా ముట్టుకుని, వేలు నాకి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇది చేపతో తింటారా?" అని అడిగాడు. ఆ బస్తా ఖరీదు నేనిచ్చాను. మిగిలిన ఆవకాయలో సగం ఆయనే పట్టుకెళ్లాడు.

టూరిస్టుల డబ్బు అన్నారు కదా. వస్తుంది. 1972లో కురుంబా పేరుతో మొదటి రిసార్టు తెరిచారు, 2024లో 20 లక్షల మందికి పైగా వచ్చారు, అంటే దేశంలో ఉన్న జనానికి నాలుగింతలు. కానీ వాళ్ల పద్ధతి దీవికో రిసార్టు. ఆ దీవికి సొంత జనరేటరు, సొంత మంచినీళ్ల ప్లాంటు, సొంత జెట్టీ, సీప్లేను. అక్కడ కట్టిన ఏ గోడా పక్క ఊరికి పనికిరాదు. సర్కారుకి పన్నులు వస్తాయి, కాదనను, కుర్రాళ్లకి ఉద్యోగాలొస్తాయి, మా బళ్లో పదో తరగతి అయిన సగంమంది రిసార్టులకే పోయేవాళ్లు. ఊరివాళ్ల దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు పెట్టుకోనిచ్చింది 2009 తర్వాతే. ఇంత డాలర్ల దేశంలో నాకు జీతం వాళ్ల రూపాయి, రుఫియాల్లో వచ్చేది, ఇంటికి పంపుదామంటే డాలర్లు ఉండేవి కావు. ఒక బ్యాంకు కౌంటర్లో నెలకి ఇంతే అని లెక్క పెట్టి ఇచ్చేవాడు. కాగితం మీద డాలరుకి 15 రుఫియాల 42 లారీలు (లారీ అంటే వాళ్ల పైసా), బయట చీకట్లో ఇంకో రేటు. తమాషా ఏమిటంటే ఒకప్పుడు ఇండియాకి చిల్లర పంపింది ఈ దేశమే. గవ్వలు! ఓడలకెత్తి బెంగాలుకి పంపి బియ్యం తెచ్చుకునేవాళ్లు. మన చిల్లిగవ్వ కూడా ఎక్కడో వాళ్ల ఒడ్డున ఏరిందే అయ్యుంటుందని నా అనుమానం. అప్పుడూ బియ్యం పడవ మీదే రావాలి, ఇప్పుడూ అంతే.

దొరికిన డబ్బంతా మాలె చుట్టూనే పోస్తారు, అదొక గోల. రెండు చదరపు కిలోమీటర్ల దీవి, చుట్టూ ఇసుక పోసి పెంచిన దీవులు కలుపుకుంటే దేశ జనాభాలో 40 శాతం అక్కడే. నేను వెళ్లినప్పుడు ఎయిర్‌పోర్టు దీవి నుంచి ఫెర్రీలో మాలె చేరాను. 2018 ఆగస్టులో చైనా డబ్బుతో బ్రిడ్జి తెరిచారు, వచ్చేసేటప్పుడు బస్సులో ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. ఇప్పుడు ఇండియా అప్పుతో, సాయంతో ఆరున్నర కిలోమీటర్ల పైగా ఇంకో బ్రిడ్జి, అదీ మాలె నుంచే. పోనీ అక్కడైనా సుఖమా అంటే, 2014 డిసెంబరులో సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటు తగలబడి రాజధానిలో నీళ్లాగిపోయాయి. సెలవులకి ఇంటికి బయల్దేరి ఆ రోజుల్లో మాలెలో ఇరుక్కున్నాను. ఇండియా నుంచి విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపారు. సీసాల కోసం క్యూలో నిలబడి నేను తలుచుకున్నది మా పన్నెండు నిమిషాల ఊరిని, అక్కడ ఇంటింటికీ వాననీళ్ల ట్యాంకు ఉంది.

మనం నవ్వాల్సిన పని కూడా లేదు లెండి. మా అసలు బందరులో పోర్టుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి కొబ్బరికాయలు కొట్టారు. ఎనిమిది వందల మందికి ఒక రేవు కట్టిన దేశాన్ని వెక్కిరించే అర్హత మా ఊరివాళ్లకి మాత్రం లేదు.

ఆసుపత్రుల సంగతి కూడా అడిగారు. 2017లో నాకు దవడ పన్ను లేచింది. ఊళ్లో డాక్టరు ఉన్నాడు, పళ్ల డాక్టరు లేడు. పక్క దీవిలో పెద్దాసుపత్రి ఉంది, ఆ రోజు ఫెర్రీ లేదు. స్పీడుబోటు మాట్లాడుకుని వెళ్లి పీకించుకుని వచ్చాను. పన్నుకి అయిన దానికి పదింతలు బోటుకి అయింది, అదీ గండి దగ్గర అల లేని రోజు కాబట్టి.